మ్యూజిక్ థియరీ రాకుండా డ్రమ్ అండ్ బేస్ చేయొచ్చా? ఎవరి కెరీర్ చూసి నేర్చుకోవాలి?

తిరుపతిలో బీటెక్ చదువుతున్నానని, ల్యాప్‌టాప్, ఒక హెడ్‌ఫోన్ తప్ప ఏమీ లేవని, సరిగమలు కూడా రావని, అయినా డ్రమ్ అండ్ బేస్, అంటే వేగంగా పరిగెత్తే డ్రమ్స్ కింద లోతైన బేస్ నడిచే ఎలక్ట్రానిక్ సంగీతం, చేయాలని ఉందని రాశావు. చేయొచ్చు తమ్ముడూ. ఎవరిని చూసి అంటే నేను ఒక్క పేరే చెబుతాను, ఈ సంగీతంలో పేరున్న ఇంగ్లండ్ కళాకారుడు గోల్డీ. నేను ఇక్కడే తిరుపతి బైరాగిపట్టెడలో చిన్న రికార్డింగ్ రూం నడుపుతున్నాను. పగలంతా భక్తి పాటలు, బట్టల షాపుల వాళ్ల ఆటో మైకు ప్రకటనలు. రాత్రి తొమ్మిది దాటితే మాత్రం పన్నెండేళ్లుగా ఇదే సంగీతం, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

గోల్డీ అసలు పేరు క్లిఫర్డ్ ప్రైస్. 1965లో ఇంగ్లండ్‌లోని వాల్సాల్‌లో పుట్టాడు, నాన్నది జమైకా, అమ్మది స్కాట్లండ్. సొంత ఇల్లంటూ లేకుండా హోముల్లో, పెంపుడు కుటుంబాల్లో పెరిగాడు. మొదట పట్టుకున్నది సంగీతం కాదు, బ్రేక్‌డాన్స్, ఆ తర్వాత గోడల మీద గ్రాఫిటీ. ఆ బొమ్మలతోనే పేరొచ్చి అమెరికా దాకా వెళ్లాడు, మయామీలో కొన్నాళ్లు బంగారు పళ్లు చేసి అమ్మాడు. లండన్‌కి తిరిగొచ్చాక కెమిస్ట్రీ అనే డీజే అతన్ని రేజ్ అనే క్లబ్ నైట్‌కి తీసుకెళ్లింది. అక్కడ ఫాబియో, గ్రూవ్‌రైడర్ అనే డీజేలు వేస్తున్న రికార్డులు విన్నాక ఇక వెనక్కి చూడలేదు. అప్పటికి అతనికి పాతికేళ్లు దాటాయి. నీకు ఇరవై. ఆలస్యమైపోయిందని టెన్షన్ పడకు.

ఇప్పుడు అసలు విషయం. గోల్డీ మిషన్ల ముందు కూర్చుని బటన్లు నొక్కిన మనిషి కాదు. రీఇన్‌ఫోర్స్‌డ్ అనే రికార్డు లేబుల్ నడిపే 4హీరో బృందం వాళ్ల స్టూడియోకి వెళ్లి, డెగో, మార్క్ మాక్‌ల పక్కన కూర్చుని, శబ్దాల ముక్కలు పట్టి, మార్చి వాయించే శాంప్లర్ మిషన్‌తో ఏమేం చేయొచ్చో చూశాడు. 1992లో వచ్చిన అతని ట్రాక్ టెర్మినేటర్‌లో డ్రమ్స్ వేగం అలాగే ఉంటుంది కానీ శ్రుతి మాత్రం మెలికలు తిరుగుతూ పైకీ కిందికీ పోతుంది. మామూలుగా శాంపిల్ శ్రుతి పెంచితే వేగం కూడా పెరుగుతుంది, క్యాసెట్ ఫాస్ట్‌గా తిప్పితే గొంతు కీచుగా మారినట్టు. ఆ రెంటినీ విడదీయాలన్న పట్టుదల గోల్డీది, మిషన్ మీద చేసిపెట్టిన చెయ్యి ఇంజనీర్‌ది. 1995లో టైమ్‌లెస్ ఆల్బం కూడా అంతే, రాబ్ ప్లేఫోర్డ్ ఇంజనీరింగ్ లేకుండా అది లేదు. అందులో మొదటి పాటే 21 నిమిషాలు, డయాన్ చార్లమేన్ గొంతు, వెనక తీగ వాద్యాల మేఘం, కింద గుద్దుతున్న బేస్. సంగీతం చదువుకోని మనిషి తలలోంచి వచ్చింది అది. కాబట్టి థియరీ రాదన్న దిగులు వద్దు, నీకు ఏం వినపడాలో నీకు స్పష్టంగా తెలియాలి, అది చేయగలిగిన వాళ్ల పక్కన కూర్చోవడానికి మొహమాటపడకూడదు.

నేను సరిగ్గా దీనికి ఎదురు దారిలో వెళ్లాను. చెన్నైలో మూడు నెలల సౌండ్ కోర్సుకి నలభై ఐదు వేలు కట్టాను, అది కూడా మా అమ్మ చీటీ డబ్బు. వాళ్లు నేర్పింది సాఫ్ట్‌వేర్‌లో ఏ మెనూ ఎక్కడుందో, అంతే. తిరిగొచ్చి శాంపిల్ ప్యాకులు, అంటే రెడీమేడ్ శబ్దాలు, పెట్టుకుని, నిమిషానికి 174 బీట్లకి సెట్ చేసి రెండేళ్లు ట్రాకులు చేశాను. వేగంగా ఉందిరా, కానీ కదలాలనిపించట్లేదు అని ఫ్రెండ్స్ అనేవాళ్లు. వాళ్లు చెప్పింది నిజమే, కారణం మాత్రం నాకు చాలాకాలం తెలియలేదు.

కారణం బేస్. నేను బేస్‌ని కూడా డ్రమ్స్‌తో పాటు పరిగెత్తించాను. టైమ్‌లెస్ పెట్టుకుని చేత్తో తాళం వేసి చూడు, చెయ్యి డ్రమ్స్ వెంట పోదు, దాంట్లో సగం వేగంలో పడుతుంది. చిన్నప్పుడు మా వీధిలో మృదంగం మాస్టారు రెండేళ్లు నేర్పిన పాఠమే ఇది, తాళం మొదటి కాలంలోనే ఉంటుంది, జతులు రెండో కాలంలో, మూడో కాలంలో పోతాయి, తాళం వేసే చెయ్యి మాత్రం తొందరపడకూడదు. డ్రమ్ అండ్ బేస్‌లో డ్రమ్స్ 174 అయితే బేస్ 87 దగ్గర నడుస్తుంది, ఆ నడక జమైకా రెగ్గేది, దాంట్లోంచి పుట్టిన డబ్‌ది. కరీబియన్ నుంచి ఇంగ్లండ్ వచ్చి స్థిరపడిన వాళ్లు తమతో పాటు సౌండ్ సిస్టమ్ పద్ధతిని కూడా తెచ్చుకున్నారు, మనిషెత్తు స్పీకర్ బాక్సులు పేర్చి కడుపులో తగిలేలా బేస్ వినిపించడం. ఈ సంగీతంలో బేస్ అక్కడి నుంచే వచ్చింది. గోల్డీ మీద హిప్ హాప్ ప్రభావం అందరికీ తెలుసు, పాట్ మెథెనీ లాంటి జాజ్ గిటారిస్ట్‌ని కూడా అతను అంతే ఇష్టంగా విన్నాడు. ఆ తీగ వాద్యాల మేఘం అన్నానే, ఆ మెత్తదనం నాకు అటువైపు నుంచే వచ్చినట్టు వినిపిస్తుంది.

ఇక డ్రమ్స్. డ్రమ్ అండ్ బేస్ రికార్డుల్లో, దానికి ముందొచ్చిన జంగిల్ రికార్డుల్లో వేల సార్లు వాడిన ఒక ముక్క ఉంది, ఆమెన్ బ్రేక్ అంటారు. 1969లో ది విన్‌స్టన్స్ అనే అమెరికన్ బృందం రికార్డు వెనక వైపు పాటలో గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే వాయించిన ఏడు సెకన్లు, నాలుగు ఆవర్తాలు అనుకో. మొదటి రెండూ మామూలుగా పోతాయి, మూడో దాంట్లో ఒక స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్) దెబ్బ కావాలని ఆలస్యంగా పడుతుంది, నాలుగో దాంట్లో మొదటి దెబ్బే ఉండదు, ఖాళీ. మా మాస్టారు ఎడుపు, అంటే తాళంలో పాట ఎత్తుకునే చోటు, గురించి చెప్పేటప్పుడు, సమం (తాళం మొదటి దెబ్బ) మీద కాకుండా కొంచెం తర్వాత ఎత్తుకుంటే వినేవాడు ముందుకు వంగుతాడు అనేవారు. కోల్‌మన్ వాయించింది వింటే నాకు ఆ మాటే గుర్తొస్తుంది. ఆ నాలుగో ముక్కని సగం వేగానికి తగ్గించి ఓ యాభై సార్లు విను, తర్వాతే దాన్ని కొయ్యి.

కోల్‌మన్‌కి ఆ ఏడు సెకన్ల మీద ఒక్క పైసా రాలేదు. 2006లో నిలువ నీడ లేని స్థితిలో చనిపోయాడు. 2015లో అభిమానులు చందాలు వేసి బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి 24 వేల పౌండ్లు ఇచ్చారు, కోల్‌మన్ అప్పటికే లేడు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే అప్పటికే నా ఫోన్‌లో గంగమ్మ జాతర పలకల (డప్పుల లాంటి చర్మ వాద్యాల) రికార్డింగ్ ఉంది. వేషాల వెంట వెళ్తూ తీసింది. అది పెట్టి ఒక ట్రాక్ మొదలుపెట్టాను కూడా, అందులో వాయించిన వాళ్లెవరో నాకు తెలియదు. దాన్ని పక్కన పెట్టేశాను. చంద్రగిరి వైపు పలకలు కొట్టే ఒక పెద్దాయన్ని వెతుక్కుంటూ వెళ్లి, మామా ఇలా ఇలా చేస్తాను, పెళ్లికి ఎంత తీసుకుంటారో అంతే ఇస్తాను అన్నాను. ఆయనా, ఆయన కొడుకూ వచ్చారు. రూం బయట కాగితాలు మండించి పలక కాచి, గోరుతో ఒకసారి కొట్టి చూసుకుని లోపలికొచ్చారు. లావు పుల్ల దెబ్బ కాలితో కొట్టే పెద్ద డ్రమ్ కిక్‌లా, సన్న పుల్ల మోత స్నేర్‌లా పడింది, నేను కొన్న ఏ ప్యాకులోనూ అలాంటి శబ్దం లేదు. ఆ ట్రాక్‌కి మాత్రం ఫ్రెండ్స్ ఏమీ అనలేదు, తలలు ఊపుతూ కూర్చున్నారు.

మన వాద్యాలు పెడితే ఫ్యూజన్ అయిపోతుందేమో అని నీకు అనుమానం రావచ్చు. లండన్‌లో బ్లూ నోట్ అనే క్లబ్‌లో ఆదివారం గోల్డీ మెటల్‌హెడ్జ్ నైట్ జరిగేది, సోమవారం అదే హాల్లో తల్విన్ సింగ్ తబలాతో అనోఖా నైట్ నడిపేవాడు. డ్రమ్ అండ్ బేస్ చేసే రోనీ సైజ్ బృందం 1997లో బ్రిటన్‌లో ఉత్తమ ఆల్బంకి ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ గెలిస్తే తల్విన్ సింగ్ 1999లో గెలిచాడు. కాబట్టి ఆ భయం పెట్టుకోకు. తబలానో పలకనో ఊరికే పైన చల్లితే మాత్రం తెలిసిపోతుంది, అదే డ్రమ్స్ అయి నడిపించాలి.

హెడ్‌ఫోన్ ఒక్కటే ఉందన్నావు కదా, దాన్ని బేస్ విషయంలో నమ్మకు. వినాయక చవితికి సౌండ్ సెట్టు పెట్టే అన్న ఎవరైనా తెలిసుంటే, పగటిపూట బాక్సులు టెస్ట్ చేసేటప్పుడు నీ ట్రాక్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ఐదు నిమిషాలు వేయమని అడుగు. నా బేస్ 30 హెర్ట్‌జ్ దగ్గర ఉండేది, బాక్సు ముందు గుడ్డ ఊగింది తప్ప ఏమీ వినపడలేదు, 50 దగ్గరికి తెచ్చాక షెడ్డు రేకులు కూడా మోగాయి. పలకలు రికార్డ్ చేసే రోజు వస్తే డబ్బు సంగతి ముందే మాట్లాడుకో, ట్రాక్ మీద వాళ్ల పేర్లు వేస్తానని చెప్పి వెయ్యి, మైకులన్నీ సరిచూసుకున్నాకే పలక కాచమను, చల్లారే కొద్దీ చర్మం వదులై శ్రుతి దిగిపోతుంది.