కొత్త మిద్దె, పాత గోడ కలిసే చోట చెమ్మ: సిమెంటు పాలతో ఆగదు

కొత్త గది మిద్దె పాత గోడకు ఆనే చోట వానకు చెమ్మ దిగుతోంది, మేస్త్రీ సిమెంటు పాలు పోస్తే చాలంటున్నాడు, మిగిలిన బాకీ ఇచ్చేయాలా ఆపాలా అని కదా అడిగినారు. ఆపండి. ఆపేముందు ఆయన్నే మిద్దె మీదికి పిలిచి, నీళ్లు పోసి చూపించండి.

మాది తిరుచానూరు రోడ్డు పక్కన పాతిల్లు. వెనకపక్క 12 అడుగులకు 14 అడుగుల గది కలిపినాం. మొదటి వానకే వంటింటి గోడ మీద తమలపాకంత మచ్చ. వారం తిరిగేసరికి చేటంత అయింది. మా ఆవిడ గూట్లో పోపుడబ్బాలు తీసేస్తా, "బాగుండాది మీ కొత్త గది" అనింది.

మా మేస్త్రీ కూడా ఇదే సిమెంటు పాల మాట చెప్పినాడు. నేను వాదించలేదు. మిద్దె మీద ఆరు బిందెల నీళ్లు పోసినాను. వాన పైపు వెనక పిట్టగోడ వైపు ఉంది, నీళ్లేమో పాత గోడ కాడికి పోయి నిలబడినాయి. మూలలో ఐదు రూపాయల బిళ్ల వేస్తే మునిగింది. నీళ్ల అంచు వెంబడి సుద్దముక్కతో గీత గీసి, ఆ గీత కాడికే ఆయన్ను పిలుచుకొచ్చినాను. కాసేపు నోరు మెదపలేదు. తర్వాత ఆయనే బయటపెట్టినాడు: పునాది గుంత పూడ్చిన మెత్తమట్టి మీద, కింద పలక కూడా వేయకుండా, స్లాబు పోసేటప్పుడు దాన్ని మోసే సెంట్రింగు బొంగులు నిలబెట్టినారంట. కాంక్రీటు బరువుకు ఆ వరస దిగబడింది. నీళ్ల ట్యూబు పట్టి మట్టం చూస్తే గోడ వైపు ఒకటిన్నర అంగుళం పల్లం.

గోడ కాడ నాలుగంగుళాలు, ఆ చివర ఒక అంగుళం మందాన సిమెంటు మాలు వేసి వాటం, అంటే నీళ్లు పారే వాలు, తిప్పేస్తానన్నాడు. నేను సరే అనేసేవాణ్ణే. అదృష్టం, ముందు ఒక ఇంజినీరును పిలిచినాను. ఆయన దూలం, స్లాబు చూసి పగుళ్లు లేవు, గట్టిగానే ఉందన్నాడు. కానీ ఆ గదికి ఒక్క అంగుళం మాలే దాదాపు 800 కిలోలంట. మేస్త్రీ లెక్కకు రెండు టన్నులు నెత్తిన పెట్టినట్టు. ఈ పని మొత్తంలో నేను ఏడవకుండా ఇచ్చింది ఆ ఇంజినీరు ఫీజు ఒక్కటే.

చివరికి వాటం జోలికి పోలేదు. నీళ్లు చేరే మూలలోనే పక్క పిట్టగోడకు బొక్క కొట్టించి నాలుగంగుళాల పైపు దించినాం. గోడ వెంబడి మాత్రం ఆ మూలకు పారేటట్టు పలచగా మాలు పూసినారు. ఇంక అతుకు సంగతి. పాతిల్లు ఎప్పుడో కుదురుకునింటాది, కొత్తది ఇంకా కుదురుకుంటా ఉంటాది. పైగా మన తిరుపతి ఎండకు స్లాబు సాగుతాది, రాత్రికి ముడుచుకుంటాది. గట్టి సిమెంటు ఆ కదలికకు మళ్లీ చీలకుండా ఎట్లుంటాది? అందుకే అతుకు వెంబడి గాడి కొట్టి, దుమ్ము ఊది, సాగే గుణమున్న పాలియురెథేన్ సీలెంటు నింపించినాను. దానిపైన ఫైబర్ గుడ్డ పరిచి, గోడ మీదికి ఒక అడుగు, స్లాబు మీదికి ఒక అడుగు వాటర్‌ప్రూఫ్ పూత. ఆరినాక పైపు నోరు మూసి 24 గంటలు నీళ్లు నిలబెట్టినాం. కింద గోడ తడవలేదు.

డబ్బు సంగతి: నా దగ్గర ఆయన బాకీ 30,000 ఉండె. కూలి, పైపు, సిమెంటు ఆయనవి. సీలెంటు, పూత ఖర్చు నాది, మొదటే చేయించి ఉన్నా అది నేనే కట్టాల్సింది కాబట్టి. మావాడి నోటుబుక్కులో రాసి ఇద్దరం సంతకాలు పెట్టినాం. నీళ్ల పరీక్ష కాగానే సగం, కార్తీకమాసం దాటినాక సగం ఇచ్చినాను. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వానలు చూసినోళ్లం కదా, ఒక్క జల్లుకు కారలేదని మొత్తం చేతిలో పెట్టే ధైర్యం రాలేదు. మీరూ పని దసరాలోపే చేయించుకోండి. గోడ బాగా ఆరేదాకా రంగు మాత్రం వేయొద్దు.

మాకు ఇప్పుడు చెమ్మ లేదు. కొత్త పైపు పడగ్గది కిటికీ పక్కన దిగింది, వాన రాత్రి దాని మోతకు నాకు నిద్ర పట్టదు, అంతే.