రోజులు పోయాయన్నారని బొమ్మ మార్చకు

చిన్నీకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. గ్యాలరీ వాళ్లు నీ బొమ్మలు చూసి "బాగున్నాయి గానీ పాతకాలం పద్ధతి" అని పక్కన పెట్టారని రాశావు. బట్టలు ఉతికేవాళ్లు, మిషను కుట్టేవాళ్లు, బస్సు కోసం ఎదురుచూసేవాళ్లు, ఇలాంటి మామూలు మనుషుల బొమ్మలకు రోజులు పోయాయా, వేరే దారి పట్టాలా అని అడిగావు. వేరే దారి మీద నిజంగా మనసుంటే పట్టు, నేను అడ్డు చెప్పను. వాళ్ల మాటకు టెన్షన్ పడి మాత్రం మారకు.

ఈ గొడవ నీతో మొదలైంది కాదు. పిరేకస్ అనే గ్రీకు చిత్రకారుడి గురించి రోమన్ రచయిత ప్లినీ దాదాపు రెండు వేల ఏళ్ల కిందట రాశాడు. మంగలి కొట్లు, చెప్పులు కుట్టే చోట్లు, గాడిదలు, తినే సరుకులు, ఆయన వేసినవన్నీ ఇవే. హీనమైన వస్తువులు వేస్తాడని ఎగతాళి పేరు కూడా పెట్టారట. ఆ చిన్న బొమ్మలే ఎంతోమంది వేసిన భారీ చిత్రాల కన్నా ఎక్కువ ధర పలికాయని కూడా అదే ప్లినీ రాశాడు. వెక్కిరించడం, ఎగబడి కొనడం ఒకే కాలంలో జరిగాయన్నమాట.

తర్వాత ఫ్రాన్స్‌లో రాజుగారి కళా అకాడమీ వచ్చింది. అక్కడ 1667లో జరిగిన ప్రసంగాల సంపుటికి ఫెలిబియన్ అనే రచయిత ముందుమాట రాస్తూ బొమ్మలకు ఒక నిచ్చెన వేశాడు. పురాణాలు, చరిత్ర ఘట్టాలు పై మెట్టు మీద, కదలని వస్తువులు అట్టడుగున. ఇంటి పనులు, వంటిళ్లు వేసేవాళ్లకు ఆ పై మెట్టు ఎప్పుడూ దక్కలేదు. సరిగ్గా అదే కాలంలో హాలండ్‌లో వ్యాపారులు, చేతిపనివాళ్లు తమ ఇళ్ల గోడలకు ఇలాంటి బొమ్మలే కొనుక్కుంటున్నారు. అక్కడి చర్చిల నుంచి ఆర్డర్లు పెద్దగా లేవు, కొనేవాళ్లు పట్టణాల గృహస్థులు. అందుకని ఇకమీదట అభిరుచి మారిందని నీతో ఎవరైనా అంటే, ఎవరి అభిరుచి, ఏ గోడ కోసం అని అడుగు. గ్యాలరీ మనిషి తన దగ్గరికి వచ్చే కొద్దిమంది కొనుగోలుదారుల సంగతి చెప్తున్నాడు. అది అబద్ధమేమీ కాదు, కాకపోతే లోకమంతటి సంగతీ కాదు.

గోడ మాట వచ్చింది కాబట్టి కొలత సంగతి కూడా చెప్తాను. నువ్వు పంపిన ఫొటోల్లో అన్నీ ఒకే సైజు కాన్వాసులు. షాపులో ఆ సైజు దొరికింది, నువ్వు వాడేశావు, అంతేగా? ఆ కాలపు హాలండ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన పాలు వంచే పనిమనిషి బొమ్మ 45.5 సెంటీమీటర్ల ఎత్తు, 41 సెంటీమీటర్ల వెడల్పు. దగ్గరికెళ్లి నిలబడితే తప్ప ఆ పాలధార కనపడదు. కూర్బే అనే ఫ్రెంచి చిత్రకారుడు ఓర్నాన్ అనే తన ఊళ్లో జరిగిన అంత్యక్రియలను ఆరున్నర మీటర్లకు పైగా వెడల్పున్న కాన్వాస్ మీద, మనుషులను నిలువెత్తున వేసి, 1850-51లో పారిస్ సలోన్ అనే పెద్ద కళా ప్రదర్శనలో పెట్టాడు. అంత చోటు అప్పటిదాకా రాజులకు, దేవుళ్లకు, యుద్ధాలకు ఇచ్చేవాళ్లు. చూసినవాళ్ల కోపానికి ఆ కొలత కూడా ఒక పెద్ద కారణం. నీ మిషను కుట్టే ఆవిడ అరచేతిలో ఇమిడేంత ఉండాలా, గోడంత ఉండాలా అన్నది కాన్వాస్ కొనకముందే తేల్చుకో.

ఇక అసలు చెప్పాలనుకున్న విషయం. షార్డాన్, గ్రూజ్ అని ఇద్దరు ఫ్రెంచివాళ్లు ఉన్నారు, ఇద్దరిదీ పద్ధెనిమిదో శతాబ్దమే. వాళ్ల బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని ఓ వారం పాటు చూడు. ఇప్పుడు పెద్ద మ్యూజియంల బొమ్మలన్నీ ఫోన్‌లోనే పెద్దవి చేసి చూడొచ్చు కదా. గ్రూజ్ 1761లో పల్లెటూరి పెళ్లి ఒప్పందం బొమ్మ పెట్టాడు. పన్నెండు మంది మనుషులు. తండ్రి అల్లుడికి కట్నం సంచీ ఇచ్చి బుద్ధులు చెప్తుంటాడు, తల్లి కూతురి చెయ్యి పట్టుకుంటుంది, చెల్లెలు భుజం మీద వాలి ఏడుస్తుంది, నోటరీ కాగితాలతో కూర్చుంటాడు, కింద నేల మీద పిల్లలతో ఓ కోడి. జనం విరగబడి చూశారు. డిడెరో అంతటి విమర్శకుడు పేజీలకు పేజీలు పొగిడాడు. ఆ తర్వాత గాలి మళ్లింది. రోమన్ వీరులను, త్యాగాలను గంభీరంగా వేసే డావిడ్ కాలం వచ్చింది, మరోపక్క విప్లవంలో గ్రూజ్ దాచుకున్న డబ్బూ పోయింది, 1805లో పేదవాడిగా పోయాడు.

షార్డాన్‌ది 1740 నాటి బొమ్మ ఉంది, భోజనానికి ముందు ప్రార్థన. తల్లి బల్ల దగ్గర వంగి వడ్డిస్తోంది. ఇద్దరు పిల్లలు, చిన్నవాడు చేతులు జోడించాడు. కుర్చీకి ఓ ఆటడోలు వేలాడుతోంది. ఇంతే. ఏడవమనడు, మెచ్చుకోమనడు. ఆ తల్లి వాడి ప్రార్థన అయ్యేదాకా ఆగిందా, మర్చిపోతే అందిస్తోందా అన్నది కూడా మనకే వదిలేస్తాడు. ఈయన కూడా మరుగున పడ్డాడు సుమా. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో గొంకూర్ సోదరులు, తోరే వంటి కళా రచయితలు మళ్లీ ఎత్తిపట్టేదాకా పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. కానీ తిరిగొచ్చాక మళ్లీ పోలేదు. గ్రూజ్‌ను ఇప్పుడు పండితులు గౌరవంగానే చూస్తారు, ఆ పెళ్లి బొమ్మ ముందు కళ్లు చెమర్చేవాళ్లు మాత్రం తక్కువ. ఎందుకంటావా? ఆయన తన కాలం వాళ్లు ఏ మాటకు ఏడుస్తారో కనిపెట్టి ఆ ఏడుపును బొమ్మలోనే వేసేశాడు. ఏడ్చే పద్ధతులు మారిపోయాయి. నీ "అలసిన తల్లి" బొమ్మలో ఆ కన్నీటిచుక్క నాకు గ్రూజ్‌నే గుర్తు చేసింది. దాన్ని తీసెయ్. ఆవిడ నడుం వంగిన తీరు చాలు. పేరు కూడా మార్చు, "ఇస్త్రీ" అని పెట్టుకో, ఆవిడ చేస్తున్నది అదే కదా.

చేతులు చూడు, ముఖాల కంటే ముందు చేతులు. స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ 1618లో, ఇంకా ఇరవై ఏళ్లు కూడా నిండకముందు, గుడ్లు వండే ముసలావిడ బొమ్మ వేశాడు. ఇప్పుడది ఎడిన్‌బరోలో ఉంది. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో పగలగొట్టని గుడ్డు, మట్టిపాత్రలో గుడ్ల తెల్లసొన అప్పుడప్పుడే తెల్లబడుతోంది. ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే అది వేరే బొమ్మ. పనిలో అలాంటి క్షణం ఎక్కడుందో దొరికేదాకా స్కెచ్‌లు వేస్తూనే ఉండు. ఇస్త్రీ పెట్టె ఎత్తేటప్పుడు మణికట్టు ఒకలా ఉంటుంది, దించేటప్పుడు ఇంకోలా ఉంటుంది. నీ బొమ్మలో రెండింటికీ మధ్య ఎక్కడో ఉంది, బరువు లేదు. వాన్ గో 1885లో బంగాళదుంపలు తినే కుటుంబాన్ని వేయడానికి ముందు నెలల తరబడి రైతుల తలలు, చేతులు విడివిడిగా గీశాడు. పళ్లెంలోకి వెళ్లే ఆ చేతులే మట్టి తవ్విన చేతులని చూడగానే తెలియాలని తమ్ముడికి రాశాడు.

తీసేయడం గురించి ఒక ముక్క. పాలు వంచే పనిమనిషి వెనక గోడ చూశావా? మేకులు, మేకులు పీకిన చిల్లులు తప్ప ఏమీ లేదు. 2022లో ఆ బొమ్మ ఉన్న ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం వాళ్లు స్కాన్ చేస్తే, వెర్మీర్ మొదట ఆవిడ తల వెనక కూజాలు తగిలించే పలకను, కింద ఒక బుట్టను వేయబోయి తనే కప్పేశాడని తేలింది. ఇది విని ఖాళీ గోడే గొప్పదని అనుకుంటావేమో, ఆగు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఆయనదే ఇంకో బొమ్మ ఉంది, కిటికీ దగ్గర ఉత్తరం చదివే అమ్మాయి. ఆ అమ్మాయి వెనక ఖాళీ గోడను చూసి వెర్మీర్ మౌనం ఎంత గొప్పదో అని తరాల తరబడి మురిసిపోయారు. ఆ గోడ కింద ఓ మన్మథుడి బొమ్మ ఉందని 1979లో ఎక్స్‌రేలో కనపడింది, వెర్మీరే కప్పేశాడనుకున్నారు. తర్వాత పరీక్షిస్తే, దాన్ని కప్పింది ఆయన కాదని, ఆయన పోయాక ఎవరో పైపూత పూశారని తేలింది. 2021 నాటికి ఆ పూత తీసేసి అసలు బొమ్మను జనానికి చూపించారు. చాలామందికి ఖాళీ గోడే నచ్చిందట, నాకూ మొదట అలాగే అనిపించింది. అలవాటైన కంటికి కొత్తది ఎబ్బెట్టుగా ఉంటుంది, అందులో కొత్తది అసలుదే అయినా సరే. నువ్వు మాత్రం తీసేసేటప్పుడు బొమ్మకు అడ్డమని తీసెయ్, ఖాళీ ఉంటే ఫ్యాషన్‌గా ఉంటుందని తీసేయకు.

నువ్వు వేసే మనుషులతో మాట్లాడు. దూరం నుంచి ఫోన్‌తో ఫొటో తీసుకుని ఇంటికొచ్చి వేయడం ఇక మానెయ్. రష్యా చిత్రకారుడు రెపిన్ వోల్గా నది దగ్గర పడవలు లాగే కూలీలను వేయడానికి 1870లో అక్కడికే వెళ్లి వాళ్లతో గడిపాడు. ముందు నడిచే మనిషి పేరు కానిన్, ఒకప్పుడు చర్చిలో పూజారిగా ఉన్నవాడు. ఆ సంగతి తెలిసి వేశాడు కాబట్టి ఆ ముఖంలో దైన్యం ఒక్కటే కాదు, ఇంకేదో ఉంది. పల్లె జనాన్ని చూసి నవ్వుకోవడానికి పట్నంవాళ్లు కొనుక్కున్న బొమ్మలూ చరిత్రలో బోలెడు ఉన్నాయి. జాలిపడటానికి కొనుక్కున్నవీ ఉన్నాయి. నాకు రెండూ ఒకటే.

నేను చెప్పినవన్నీ పాటిస్తే నీ బొమ్మ నిలుస్తుందని మాత్రం అనుకోకు. గెరిట్ డౌ అని ఒక డచ్చివాడు ఉండేవాడు. వేలిగోరంత ఉన్న చీపురుకర్రకు ఇంకా మూడు రోజుల పని మిగిలిందని అన్నాడట. అంత శ్రద్ధ. 1660లో డచ్ ప్రభుత్వం ఇంగ్లండ్ రాజుకిచ్చిన కానుకల్లో ఆయన బొమ్మ కూడా ఉంది. రెండు వందల ఏళ్లు పోయాక ఆ నునుపు చూసి జనం విసుక్కున్నారు, వెర్మీర్ పైకొచ్చాడు, డౌ కిందికి దిగాడు. అటువైపు రాక్‌వెల్‌ను చూడు. అమెరికాలో పత్రికల ముఖచిత్రాలు వేసుకునేవాడు, విమర్శకులు ఆయన్ను కళాకారుడిగా లెక్కపెట్టలేదు. షార్డాన్ వేసిన ఆ ప్రార్థన విషయమే ఆయన 1951లో హోటల్లో కూర్చున్న ఓ ముసలావిడ, ఓ పిల్లాడి మీద వేశాడు. అది 2013 వేలంలో 4.6 కోట్ల డాలర్లకు పోయింది. నా లెక్క ప్రకారం అందులో చెప్పేసిన భావం కాస్త ఎక్కువే, అయినా నిలిచింది. నా లెక్కకు అందనివి చాలా ఉన్నాయి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఫ్రెంచి చిత్రకారుడు మిల్లే వేసిన సాయంకాలపు ప్రార్థన బొమ్మ, పొలంలో తల వంచుకుని నిలబడ్డ భార్యాభర్తలది, ఆయన పోయిన పద్నాలుగేళ్లకు, 1889లో, 5,53,000 ఫ్రాంకులకు అమ్ముడైంది. ఆయన చేతికి వచ్చింది అందులో పిసరంత. ఇలాంటివి చూసే ఫ్రాన్స్‌లో 1920లో బొమ్మ మళ్లీ వేలంలో అమ్మినప్పుడల్లా కళాకారుడికో వారసులకో వాటా ఇవ్వాలని చట్టం తెచ్చారు. కాబట్టి అమ్మేటప్పుడు కాగితం రాయించుకో, ఎవరు కొన్నారో రాసిపెట్టుకో. ప్రతి బొమ్మ వెనకా నీ పేరు, తేదీ, వాడిన రంగులు, అందులో ఉన్నవాళ్లు ఏం పని చేస్తున్నారో రాయి. ఇందాకటి డ్రెస్డెన్ బొమ్మను 1742లో రెంబ్రాంట్‌దనుకుని కొన్నారు. వెర్మీర్‌దే ఇంకొకటి, చిత్రకారుడు మోడల్‌ను చూస్తూ బొమ్మ వేసేది, డి హోక్ అనే ఇంకో చిత్రకారుడి పేరిట ఎవరో పెట్టిన దొంగ సంతకంతో 1860 దాకా చలామణి అయింది. పేరు ఊడిపోతే బొమ్మ ఎంత బాగున్నా ఎవరో ఒకరి ఖాతాలో పడుతుంది.

ఇప్పుడు చేయాల్సింది ఇదీ. గ్యాలరీ వెనక్కి పంపినవాటిలో "ఇస్త్రీ", బస్సు కోసం నిలబడ్డ ముగ్గురి బొమ్మ, ఈ రెండూ ఉంచు, మిగతావి అటక మీద పెట్టు, చింపకు. బస్సు బొమ్మలో ఎడమవైపు మనిషి నీడ తప్పు దిక్కున పడింది, సరిచెయ్. ఇస్త్రీ ఆవిడ దగ్గరికి మళ్లీ వెళ్లి, ఆవిడ ఒప్పుకుంటే ఓ పూటంతా కూర్చుని మణికట్లు మాత్రమే గీసుకురా. ఆ స్కెచ్‌లు నాకు పంపు. రంగులు వేసినవి వద్దు, పెన్సిల్‌వే పంపు.

నీ
పెద్దమ్మ