ఆ పేపరు కొనొద్దని చెప్పడానికి లేచి నిలబడే ముందు

చిరంజీవి రఘుకి, లివర్‌పూల్ నుంచి మామయ్య ఆశీస్సులు.

నిన్న అక్కయ్య ఫోన్ చేసింది. వీడు షెఫీల్డ్ వెళ్ళింది ఎమ్మెస్సీ చెయ్యడానికా, పేపర్లమీద పోరాటం చెయ్యడానికా అని ఒకటే గాభరా. ఏదో సర్దిచెప్పి పెట్టేశాను. తరవాత నువ్వు వాట్సాప్‌లో పంపిన కరపత్రం తీసి మూడుసార్లు చదివాను. షెఫీల్డ్ హిల్స్‌బరో స్టేడియంలో 1989లో జరిగిన ఘోరం గురించి లివర్‌పూల్ అభిమానుల మీద అబద్ధాలు వేసిన సన్ అనే ఇంగ్లీషు పేపరు కొనొద్దని మీ ఫుట్‌బాల్ అభిమానుల సంఘంలో తీర్మానం పెడుతున్నారు, దాని తరఫున మాట్లాడేది నువ్వు. బెజవాడలో అర్ధరాత్రి దాటినా టీవీ ముందునుంచి లేవని పిల్లాడు ఈ ఊరి దుఃఖాన్ని తన ఇంటి దుఃఖం చేసుకున్నాడంటే నాకు గర్వంగా ఉంది. అందుకే కాస్త గట్టిగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

మన తెలుగు పిల్లల కోసం వేరేగా రాసిన కాగితంలో మొదటి వాక్యంలోనే రెండు తప్పులున్నాయి. "హిల్స్‌బరో తొక్కిసలాటలో 96 మంది చనిపోయారు" అన్నావు. 97 మంది, నాన్నా. 1989 ఏప్రిల్ 15న లివర్‌పూల్ ఆట చూడ్డానికి వెళ్ళినవాళ్ళలో 94 మంది ఆ రోజే పోయారు. నాలుగు రోజులకు 14 ఏళ్ళ లీ నికోల్. 1993లో టోనీ బ్లాండ్. 2021 జులైలో ఆండ్రూ డివైన్, 32 ఏళ్ళు ఆనాటి గాయాలతోనే బతికి. ఆయన్ని 97వ మనిషిగా కరోనరే, అంటే మరణ కారణం విచారించే అధికారే, తేల్చాడు. పాత బ్యానర్లమీద 96 అనే ఉంటుంది, అది చూసి రాసుంటావు. కానీ తీర్మానం పెట్టేవాడే ఒక మనిషిని వదిలేస్తే ఆ ఇంటివాళ్ళకి ఎలా ఉంటుందో ఆలోచించు.

ఇక తొక్కిసలాట. మన పేపర్లకి ఈ మాట అలవాటైపోయింది. తిరుపతిలో వైకుంఠద్వార టోకెన్ల దగ్గరైనా, బెంగళూరులో చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గరైనా శీర్షిక అదే. జనం ఎగబడి ఒకళ్ళనొకళ్ళు తొక్కుకున్నారన్న అర్థం ఆ మాటలోనే ఉంది, తప్పు చచ్చిపోయినవాళ్ళ మీదికే పోతుంది. హిల్స్‌బరోలో ఎక్కువమంది నిలబడ్డచోట నిలబడినట్టే పోయారు. ఛాతీ విప్పారడానికి అంగుళం చోటు లేక ఊపిరి ఆగిపోయింది. ఆ రోజు స్టేడియంలో లివర్‌పూల్ వాళ్ళకిచ్చిన లెప్పింగ్స్ లేన్ వైపు నిలబడి చూసే టికెట్లు 10,100. వాళ్ళందరూ లోపలికి రావడానికి తిరుగుడు గేట్లు 7. బయట ఒత్తిడి పెరిగిపోతే 2 గంటల 52 నిమిషాలకు పోలీసు అధికారి డేవిడ్ డకెన్‌ఫీల్డ్ ఆజ్ఞమీద పెద్ద గేటు తెరిచారు. ఎదురుగా కనిపించేది సొరంగంలాంటి దారి ఒక్కటే. అది నేరుగా మధ్యలోని 3, 4 నంబరు దొడ్లలోకి దిగుతుంది. దొడ్లు అని ఊరికే అనడం లేదు, వాటి ఇంగ్లీషు పేరుకి అర్థం అదే. చుట్టూ ఇనప కంచె, ముందు ఎత్తుగా మరో కంచె, బందెలదొడ్డి కట్టినట్టు. అప్పటికే అవి నిండిపోయాయి. సొరంగం మూసి జనాన్ని పక్క దొడ్లకు మళ్ళించాల్సింది, ఎవరూ మళ్ళించలేదు. 3వ దొడ్డిలో ఒక ఇనప అడ్డుకమ్మి విరిగిపోయింది. 3 గంటల 6 నిమిషాలకు ఆట ఆపారు. ఇదంతా కరపత్రంలో పట్టదు. "పోలీసులు జనాన్ని అదుపు చెయ్యలేకపోవడంతో నలిగి, ఊపిరాడక" అని రాయి, చాలు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పేపరు చేసిన తప్పు ఎలా జరిగిందో నీకు అడుగు అడుగునా తెలిసుండాలి. ఎందుకంటే కోపంలో ఉన్నవాళ్ళెవరైనా అదే తప్పు చెయ్యగలరు, నీ కరపత్రంలో దాని వాసన నాకు తగిలింది.

మొదటి అబద్ధం మైదానంలోనే పుట్టింది. జనం ఇంకా కంచెల్లో ఉండగానే, గేటును అభిమానులే బద్దలుకొట్టారని డకెన్‌ఫీల్డ్ ఫుట్‌బాల్ సంఘం పెద్దలతో అన్నాడు. తెరవమన్నది తనే. ఆ మాట రేడియోకి, టీవీకి పాకింది. తరవాత రోజుల్లో షెఫీల్డ్‌లోని ఒక వార్తా సంస్థ కొందరు పోలీసుల మాటలు, స్థానిక ఎంపీ ఒకాయన మాటలు పోగేసి లండన్ పేపర్లకు పంపింది. చాలా పేపర్లు వాటిని ఏదో ఒక రూపంలో వేశాయి, అది నువ్వు దాచకు. సన్‌లో ఆ వార్త రాసిన విలేకరి హ్యారీ ఆర్నాల్డ్ వాటిని ఆరోపణలుగానే రాశానన్నాడు. శీర్షిక చూసి, ఇది నిజమో కాదో మనకి తెలియదు, ఇలా వెయ్యకూడదని చెప్పానని కూడా అన్నాడు. ఎడిటర్ కెల్విన్ మెకెంజీ వినలేదు. ఏప్రిల్ 19, బుధవారం, మొదటి పేజీ మీద అరచేతులంత అక్షరాలతో "నిజం" అని వేశాడు. కింద మూడు లైన్లు: అభిమానుల్లో కొందరు శవాల జేబులు కొట్టారని, పోలీసుల మీద మూత్రం పోశారని, నోటితో ఊపిరి పోస్తున్న పోలీసును చావబాదారని. ఆ బుధవారానికి చాలా ఇళ్ళలో ఇంకా అంత్యక్రియలు కూడా కాలేదు. పిల్లల శవాలు ఇంటికి రాకముందే పేపరు వచ్చింది.

చూశావా, ఎవరో ఒకరు "అట" అన్నారు. చేతులు మారేకొద్దీ ఆ "అట" అరిగిపోయింది, చివరివాడు దాన్ని పూర్తిగా కొట్టేసి "నిజం" అని పెట్టాడు. ఆ ఏడాది ఆగస్టులోనే, విచారణ జరిపిన జడ్జి లార్డ్ జస్టిస్ టేలర్ మధ్యంతర నివేదిక వచ్చింది. ప్రధాన కారణం పోలీసులు జనాన్ని అదుపు చెయ్యలేకపోవడమేనని అందులోనే ఉంది. అయినా పేపరు వేసిన మచ్చ పోలేదు. 2012 సెప్టెంబరు 12న స్వతంత్ర ప్యానెల్ నివేదిక వచ్చేదాకా, అంటే 23 ఏళ్ళు, ఆ తల్లిదండ్రులు తమ పిల్లలు దొంగలు కాదని చెప్పుకుంటూ తిరిగారు. 164 పోలీసు వాంగ్మూలాలను దిద్దారనీ, వాటిలో 116 వాంగ్మూలాల్లో పోలీసులకు ఇబ్బందయ్యే మాటలు తీసేశారనీ, మార్చారనీ అప్పుడు బయటపడింది.

అందుకని నీ కాగితం తీసుకుని ప్రతి వాక్యం పక్కన పెన్సిల్‌తో రాయి: ఇది ఎవరు చెప్పారు? టేలరా, 2012 ప్యానెలా, 2016 జ్యూరీనా? పక్కన రాయడానికి ఏమీ దొరక్కపోతే ఆ వాక్యం కొట్టెయ్. "ఫలానావాడు హంతకుడు" అన్నావు, అది తప్పకుండా పోవాలి. 2016 ఏప్రిల్ 26న వారింగ్టన్‌లో మరణ విచారణ జ్యూరీ 7-2 మెజారిటీతో అవి చట్టవిరుద్ధమైన మరణాలంది, అభిమానుల తప్పేమీ లేదంది. 2019 నవంబరులో క్రిమినల్ కోర్టు డకెన్‌ఫీల్డ్ నిర్దోషి అంది. రెండూ జరిగాయి. నీకు రెండోది మింగుడుపడకపోవచ్చు, నాకూ పడదు, కానీ అచ్చులో ఆ మాట వెయ్యడానికి నీకు హక్కు లేదు. అమ్మకాలు ఇంతనుంచి ఇంతకి పడ్డాయన్న అంకెలూ తీసెయ్, అవి చోటుకో రకంగా తిరుగుతుంటాయి. మెర్సీసైడ్‌లో, అంటే లివర్‌పూల్ చుట్టుపక్కల, అమ్మకం కుప్పకూలింది, 30 ఏళ్ళు దాటినా కోలుకోలేదు అను. దాన్ని ఎవరూ కాదనలేరు.

మీటింగులో మొదట వచ్చే ప్రశ్న నాకు తెలుసు: క్షమాపణ చెప్పేశారు కదా, ఇంకా ఎన్నాళ్ళు? దీనికి కోపం వద్దు, తేదీలు చాలు. 2004లో పేజీ నిండా క్షమాపణ వేశారు. 2006లో, అప్పటికి ఆ పేపరు ఎడిటర్‌గా లేని మెకెంజీ ఒక విందులో, అప్పుడూ బాధపడలేదు, ఇప్పుడూ బాధపడను అన్నాడు. 2012లో ప్యానెల్ నివేదిక వచ్చాక పేపరూ, మెకెంజీ కూడా మళ్ళీ క్షమాపణ చెప్పారు. 2016లో జ్యూరీ తీర్పు మర్నాడు చాలా పేపర్లకు అదే మొదటి పేజీ వార్తైతే సన్ దాన్ని లోపలి పేజీల్లో వేసింది. 2017 ఏప్రిల్ 14న, సరిగ్గా వర్ధంతికి ముందురోజు, అదే పేపర్లో అదే మెకెంజీ ఈ ఊరి రెండో క్లబ్బు ఎవర్టన్ ఆటగాడు రాస్ బార్క్‌లీని గొరిల్లాతో పోల్చాడు. బార్క్‌లీ తాతగారిది నైజీరియా. ఈ వరసంతా నెమ్మదిగా చెప్పి కూర్చో.

రెండోది పత్రికా స్వేచ్ఛ. కొనకపోవడం నిషేధం కాదు, ప్రభుత్వం ఎవరి నోరూ మూయడం లేదు. కానీ 2017లో లివర్‌పూల్ క్లబ్బు, తరవాత ఎవర్టన్ ఆ పేపరు విలేకరులను మైదానానికి రానివ్వకపోవడం వేరే సంగతి. దానిమీద మంచివాళ్ళే రెండు రకాలుగా మాట్లాడతారు. రెండింటినీ ఒకే గాటన కట్టకు. తీర్మానం కొనకపోవడం దగ్గరే ఆపు. మీ సంఘం కొనదు, పంచదు, ఆ వెబ్‌సైట్ లింకులు గ్రూపులో పెట్టదు, దుకాణాలను అడుగుతుంది, ఒత్తిడి చెయ్యదు. లింకుల సంగతి తప్పకుండా పెట్టు. కాగితం కొనకుండా ఫోనులో రోజూ ట్రాన్స్‌ఫర్ పుకార్లు అక్కడే చదివేవాళ్ళు మీలోనే ఉంటారు.

దీనివల్ల ఒరిగేదేమిటి అంటే ఫూస్, బిషోఫ్ అనే పరిశోధకుల పని ఒకటి ఉంది. ఆ పేపరు చదవడం మానేశాక మెర్సీసైడ్‌లో యూరప్ యూనియన్ మీద వ్యతిరేకత తగ్గిందని వాళ్ళు తేల్చారు. రాజకీయం వద్దనుకుంటే ఈ సంగతి వదిలెయ్.

మనవాళ్ళే జారినప్పుడు ఏం చెయ్యాలో కూడా ముందే మాట్లాడుకోండి. 1992లో లివర్‌పూల్ మేనేజరు గ్రేమ్ సూనెస్, ఇదే జట్టుకి కప్పులు గెలిపించిన కెప్టెన్, తన గుండె ఆపరేషన్ కథ ఆ పేపరుకే ఇచ్చాడు. ఆస్పత్రిలో ప్రియురాలిని ముద్దుపెట్టుకుంటున్న ఫొటో ఏప్రిల్ 15న వచ్చింది. మూడో వర్ధంతి రోజు. తరవాత క్షమాపణ చెప్పాడు, వచ్చిన డబ్బు పిల్లల ఆస్పత్రికి ఇచ్చాడు. అయినా ఆ గాయం ఈ ఊళ్ళో మానలేదు. మీలో ఎవడో ఒకడు ఆ పేపరు చంకలో పెట్టుకుని వస్తాడు. గ్రూపులోంచి తీసెయ్యకండి, వాడి ఫొటో పెట్టి ఆడిపోసుకోకండి. పక్కకి పిలిచి, ఎందుకు కొనమో చెప్పండి.

దుకాణాల దగ్గరికి ఇద్దరికి మించి వెళ్ళొద్దు. పొద్దున్నే అసలు వద్దు. ఆ టైములో కట్టలు విప్పుకోవడం, ఇళ్ళకు వెయ్యాల్సినవి సర్దుకోవడంతో వాళ్ళకి ఊపిరాడదు. పదకొండు దాటాక వెళ్ళు. ఏదైనా కొను, వెనక ఎవరూ లేనప్పుడు అడుగు. కౌంటర్ వెనక ఉండేది చాలాసార్లు ఏ గుజరాతీ పెద్దాయనో, పంజాబీ ఆవిడో. నీ రంగు చూసి నువ్వు తనవాడివని అనుకుంటారు, ఆ చనువుతో గదమాయించకు. అమ్ముడవని పేపర్లు వెనక్కిస్తే డబ్బు తిరిగొస్తుంది కాబట్టి ఒకేసారి మానెయ్యమనక్కర్లేదు, తెప్పించే కాపీలు తగ్గించమను. కళ్ళెదురుగా ఉన్న అరలోంచి కిందికి మార్చమన్నా సగం పని అయినట్టే. వద్దంటే థాంక్స్ చెప్పి వచ్చెయ్. పెద్ద సూపర్‌మార్కెట్లలో మేనేజరు చేతిలో ఏమీ ఉండదు, హెడ్డాఫీసుకి ఉత్తరం రాయండి.

ఇక నాకు నిద్రపట్టనివ్వని సంగతి. పేపర్ల కట్ట ఎత్తుకెళ్ళి చెత్తబుట్టలో పడెయ్యడం, చింపడం, తగలబెట్టడం ఇవన్నీ ఎవడో సరదాగా మొదలుపెడతాడు. 1989లో లివర్‌పూల్ పక్కన కర్క్‌బీలో జనం వీధిలో తగలబెట్టారు, నిజమే. వాళ్ళ కడుపుమంట అది. దుకాణంలోది ముట్టుకుంటే దొంగతనం, పాడుచేస్తే అదో నేరం. మిగతావాళ్ళకి ఒక హెచ్చరికతో పోయేది స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడికి చదువు మీదికే వస్తుంది. మీటింగులో ఎవడైనా చనిపోయినవాళ్ళ మీద వెకిలిగా పాడితే జవాబివ్వకు, చెయ్యెత్తకు. లేచి బయటికి రా, నిర్వాహకులకు చెప్పు. అక్కయ్యకి నేను మాటిచ్చాను.

ఒక పని చెయ్యి. మీటింగుకి ముందు మిడిల్‌వుడ్ వెళ్ళే ట్రామ్ ఎక్కు. లెప్పింగ్స్ లేన్ అని స్టాపే ఉంది. దిగి స్టేడియం చుట్టూ నడిచి స్మారకం దగ్గర కాసేపు నిలబడు. పదేళ్ళ పిల్లాడి దగ్గర్నుంచి అరవై ఏడేళ్ళ పెద్దాయన దాకా ఉన్నారు వాళ్ళలో. షెఫీల్డ్ వాళ్ళను ఒక్కమాట అనకు. ఆ రోజు తలుపులు తెరిచి ముక్కూమొహం తెలియని పిల్లలకు టీ ఇచ్చి, ఇంటికి ఫోన్ చేసుకోనిచ్చింది ఆ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళే. వారం తిరిగేసరికి ఇక్కడ ఎవర్టన్ అప్పటి మైదానం నుంచి లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్ దాకా, స్టాన్లీ పార్కు మీదుగా మైలు పొడవున, ఎరుపు నీలం స్కార్ఫులు ముడివేసి కట్టారు. అవతలి జట్టువాళ్ళు కలిసిరాకపోతే ఈ బహిష్కరణ ఇన్నేళ్ళు నిలిచేది కాదు. మీ సంఘంలో లివర్‌పూల్ అభిమానులు కాని వాళ్ళనే ముందు మాట్లాడించు.

దిద్దిన కరపత్రం ప్రింటుకిచ్చే ముందు నాకు ఇంకోసారి పంపు. రాత్రి పదకొండు దాకా మేలుకునే ఉంటాను. చలి మొదలైంది, మఫ్లర్ లేకుండా తిరగకు.

నీ మామయ్య