హెల్త్ ఛానల్ పెట్టబోయే మేనల్లుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

పలాస కేబుల్‌లో హెల్త్ ఛానల్ పెడతానన్నావు. పెట్టు, కానీ ఇరవై నాలుగు గంటలూ నింపుతానని మాత్రం ఒప్పుకోకు. రోజుకి ఒక గంట సరుకు తయారుచేసి మూడు పూటలా తిప్పు. ఈ రకం ఛానళ్లని ముంచేది ఖాళీ గంటలే. మొదట్లో డాక్టర్లు పిలిస్తే వస్తారు, ఫోన్లూ మోగుతాయి. ఖర్చు మీద పడేసరికి తెల్లవారుజాము గంట ఓ నూనెల కంపెనీకి అమ్ముతారు, తర్వాత మధ్యాహ్నం, ఆఖరికి సాయంత్రం. టైము కొన్నవాడే డాక్టరు కుర్చీలో కూచుంటే ఇంక ఎవడు చూస్తాడు?

అమెరికాలోనే నిలవలేదు. 1982లో వచ్చిన కేబుల్ హెల్త్ నెట్‌వర్క్, 1984లో ఇంకో ఛానల్‌తో కలిసి లైఫ్‌టైమ్ అనే వేరే ఛానల్ అయిపోయింది. డిస్కవరీ హెల్త్ స్థానంలో 2011 జనవరి 1న ఓప్రా విన్‌ఫ్రే ఛానల్ వచ్చి కూచుంది.

నీ బలమంతా ఫోన్‌ఇన్, అంటే చూసేవాళ్లు ఫోన్ చేసి డాక్టర్ని అడిగే కార్యక్రమం. కాల్‌ని నేరుగా స్టూడియోకి కలపకు. బయట ఒకరు ఎత్తి వయసు, ఎన్నాళ్లుగా బాధ, ఏ మాత్రలు వాడుతున్నారు, చివరి పరీక్ష ఎప్పుడు అని చీటీ మీద రాసుకోవాలి. టీవీ సౌండు పూర్తిగా తీయించాలి. బాక్సులో మాట కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది కనక, సౌండుంటే మనిషి తన గొంతు తనే విని తడబడతాడు. అరగంటకి ఆరు కాల్స్ మించొద్దు.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం, అంటే కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు నుంచి ఎక్కువగా ఒకటే ప్రశ్న: "క్రియాటినిన్ రెండుంది బాబూ, ఏటి తినాల?" క్రియాటినిన్ అంటే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష. ఆ ఒక్క అంకె మీద డాక్టరు తీర్పు చెప్పకూడదు. బీపీ, షుగరు, నొప్పి మాత్రల సంగతి అడగాలి, మూత్ర పరీక్ష చూడాలి. జబ్బు పాతదా కాదా తేలాలంటే మూడు నెలలు దాటాక కూడా మళ్లీ పరీక్ష చెయ్యాల్సిందే. కొబ్బరినీళ్ల దగ్గర మరీ జాగ్రత్త. ఉద్దానంలో ఇంటింటా కొబ్బరే, చలవని తాగమంటారు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాడికి అందులోని పొటాషియం గుండె మీదకి తెస్తుంది. ఉద్దానం జబ్బుకి కారణం ఫలానా అని ఎవరినీ గట్టిగా అననివ్వకు, ఇంకా తేలలేదు.

ప్రకటనలు గంటకి పన్నెండు నిమిషాలు దాటకూడదు. మాయమందుల ప్రకటనల మీద 1954లో వచ్చిన చట్టం జాబితాలో షుగరు, క్యాన్సరు, పక్షవాతం, కిడ్నీ రాళ్లు ఉన్నాయి. వీటికి మందుందని ప్రకటన వేస్తే మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. "ప్రకటన కాదండీ, కార్యక్రమమే" అని వస్తారు. డబ్బు పుచ్చుకుని వేస్తే అది ప్రకటనే. ఆసుపత్రి స్పాన్సర్‌షిప్ తీసుకో గానీ, వాళ్ల డాక్టరు మాట్లాడుతున్నంతసేపూ అపాయింట్‌మెంటు నంబరు తెర మీద వెయ్యకు.

ఇక ఎమ్మెస్వోతో, అంటే కేబుల్‌లో ఛానళ్లు అందించే పెద్ద ఆపరేటర్‌తో ఒప్పందం. కేంద్రం 2022 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం లోకల్ ఛానల్ రిజిస్ట్రేషన్ వాళ్ల పేరునే ఉంటుంది, తొంభై రోజుల రికార్డింగు దాచాల్సిందీ వాళ్లే. కనక నీ కాపీ వేరే డిస్కులో పెట్టుకో. ఛానల్ నంబరు చెప్పకుండా మార్చకూడదనీ, కార్యక్రమాల మీద హక్కు నీదేననీ కాగితం మీద రాయించు. ముసాయిదా ఇచ్చాక సంతకం పెట్టకుండా ముందు నాకు పంపు.

మీ మామయ్య,
శ్రీకాకుళం