రెండో మీటప్‌కి జనం రాకపోతే ఏం చేయాలి?

తమ్ముడూ, విండోస్‌కు బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ గురించి పెట్టిన మొదటి మీటప్‌కి 40 మంది వచ్చి, రెండోదానికి ముగ్గురే వచ్చారని రాశావు. తప్పు జనానిది కాదు. రెండుసార్లూ గంటన్నర స్లైడ్లు చూపించానన్నావు కదా, చిక్కంతా అక్కడే ఉంది. వచ్చినవాళ్ల చేతికి పని దొరకాలి.

ఈసారి ఇన్‌స్టాల్ ఫెస్ట్ పెట్టు, అంటే వచ్చినవాళ్ల లాప్‌టాప్‌లలో అందరూ కలిసి లైనక్స్ ఎక్కించుకునే కార్యక్రమం. ఎవరి లాప్‌టాప్ వాళ్లను తెచ్చుకోమను. లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవ్‌లు నాలుగైదు ఇంటి దగ్గరే సిద్ధం చేసుకో, హాల్లో నెట్‌ను నమ్ముకోకు. ముందు లైవ్ మోడ్‌లో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో చూడనివ్వు. ఇన్‌స్టాల్ చేయమంటే మాత్రం బ్యాకప్ ఉందా, విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకున్నారా అని అడగకుండా చెయ్యి పెట్టొద్దు. ఒక్కరి ఫైళ్లు పోయినా ఊరంతా తెలిసిపోతుంది.

మా దగ్గర డీటీపీ చేసే అన్న ఒకాయన ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌లో, భారతీయ భాషల కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్ట్‌తో 'శ్రీ' కొట్టి చూశాడు. ఫాంట్ మార్చినా అక్షరం చెదరలేదు. ఫాంట్ మారిస్తే అక్షరాలు చెదిరిపోయే పాత ఫాంట్లతో ఎన్నేళ్లు అవస్థపడ్డాడో ఏమో, మరో నాలుగు పేర్లు టైప్ చేశాక గానీ కుర్చీ వదల్లేదు. తర్వాతి నెల ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. నీకు కావలసింది అలాంటి మనుషులే.

సెప్టెంబరు మూడో శనివారం సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం ప్రపంచమంతటా జరుపుకునే రోజు. ఆ రోజుకు పెట్టుకుంటే బాగుంటుంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థకు ముందుగా రాసి సాయం అడుగు. ఆ తర్వాతి మీటప్‌లో ఎవరైనా మార్పులు చేయగల ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెరిచి, మీ వీధిలోని గుడి, కిరాణా కొట్టు, మంచినీళ్ల ట్యాంకు వచ్చినవాళ్లచేతే పెట్టించు.