చెల్లెలు చదువుకి జర్మనీ వెళ్తోంది: ల్యాప్‌టాప్ ఇక్కడ కొనాలా, అక్కడ కొనాలా? ఇంట్లో వైఫై సంగతేంటి?

మీరు అడిగినవి మూడు. అక్టోబరు సెమిస్టర్‌కి ఎమ్మెస్ చదవడానికి జర్మనీ వెళ్తున్న చెల్లెలికి ల్యాప్‌టాప్ హైదరాబాద్‌లో కొనాలా, వెళ్లాక కొనాలా? ఆమె వెళ్లిపోతే కూకట్‌పల్లిలో అమ్మానాన్నలు ఇద్దరే ఉంటారు, వాళ్ల వైఫైకి ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? పాత ల్యాప్‌టాప్ నాన్నగారికి ఇచ్చేయచ్చా? నేను అక్కడే చదువుకుని, కొంతకాలం ఉద్యోగం చేసి తిరిగొచ్చాను. మా చుట్టాల పిల్లలు ఎవరు వెళ్తున్నా బేరానికి నన్నే సీటీసీకి (సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్) లాక్కెళ్తారు. కాబట్టి రెండు వైపులా చూసిన అనుభవంతో చెప్తున్నాను.

ల్యాప్‌టాప్ ఇక్కడే కొనండి. ధర తక్కువని మాత్రం అనుకోకండి. ఇక్కడ జీఎస్టీ 18 శాతం, అక్కడ వ్యాట్ 19 శాతం. అదే మోడల్ ఒక్కోసారి ఇక్కడ తక్కువకొస్తుంది, ఒక్కోసారి అక్కడ. ఆ కాస్త తేడా కోసం రాత్రిళ్లు ఎక్సెల్ షీట్లు నింపే నాన్నలను చూశాను, పాపం. అసలు చిక్కు కీబోర్డుతో వస్తుంది.

జర్మనీ షాపుల్లో దొరికే ల్యాప్‌టాప్‌లకి మామూలుగా జర్మన్ కీబోర్డే ఉంటుంది. వై ఉండాల్సిన చోట జెడ్, జెడ్ చోట వై. ఈమెయిల్‌లో వేసే ఎట్ గుర్తు కావాలంటే కుడి పక్కనున్న ఆల్ట్-జీఆర్ కీ పట్టుకుని క్యూ నొక్కాలి. కోడ్ రాసేవాళ్లకి రోజంతా కావాల్సిన కర్లీ బ్రాకెట్లు ఆల్ట్-జీఆర్‌తో 7, 0 మీద, స్క్వేర్ బ్రాకెట్లు 8, 9 మీద ఉంటాయి. నాతో ఫ్లాట్‌లో ఉన్న ఒకమ్మాయి మంచి ఆఫర్ వచ్చిందని అక్కడే కొంది. సెట్టింగ్స్‌లో ఇంగ్లీషు లేఔట్‌కి మార్చుకుంది కానీ, కీ మీద ఉన్న అక్షరం ఒకటి, తెర మీద పడేది ఇంకొకటి. చివరికి కీల మీద స్టిక్కర్లు అంటించుకుంది. సెమిస్టర్ అయ్యేసరికి సగం ఊడిపోయి, ఎక్కువగా వాడే కీలన్నీ జిగురుతో నల్లగా తయారయ్యాయి. యాపిల్ ఆన్‌లైన్ స్టోర్‌లోనైతే ఆర్డర్ చేసేటప్పుడే ఇంగ్లీషు కీబోర్డు ఎంచుకోవచ్చు. మిగతా వాటిలో వెతుక్కోవాలి.

ఇంకో కారణం మొదటి వారాల హడావుడి. అడ్రస్ రిజిస్ట్రేషన్, బ్యాంకు అకౌంటు, ఇన్సూరెన్స్, యూనివర్సిటీ ఎన్‌రోల్‌మెంట్, అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఫోన్ తెర మీద పీడీఎఫ్ ఫారాలు నింపుతూ షాపుల చుట్టూ తిరిగే ఓపిక ఉండదు.

ఇక్కడ కొంటే పోయేది ఒకటుంది, అదీ చెప్పాలి. ఐరోపా యూనియన్ చట్టం ప్రకారం వస్తువులో లోపాలకి అమ్మినవాడే రెండేళ్లపాటు బాధ్యుడు. జర్మనీలో మొదటి ఏడాదిలో లోపం బయటపడితే అది అమ్మేనాటికి లేదని షాపువాడే నిరూపించుకోవాలి. ఆన్‌లైన్‌లో కొంటే 14 రోజుల్లో కారణం చెప్పకుండా వెనక్కి ఇచ్చేయచ్చు. మన దగ్గర సాధారణంగా వచ్చేది ఏడాది కంపెనీ వారంటీ, అదీ చాలా మోడళ్లకి ఇండియా వరకే. అందుకే షాపులో ముందు అడగాల్సింది వారంటీ ఏ దేశాల్లో చెల్లుతుందని. మ్యాక్‌బుక్‌లకి సాధారణంగా ఇబ్బంది ఉండదు. లెనోవో థింక్‌ప్యాడ్‌లలో చాలావాటికి అంతర్జాతీయ వారంటీ ఉంటుంది, అదే కంపెనీ చవక సిరీస్‌కి ఉండకపోవచ్చు. డెల్ అయితే సర్వీస్ ట్యాగ్‌ని (ల్యాప్‌టాప్ మీదుండే గుర్తింపు నంబరు) కొత్త దేశానికి మార్చమని ఆన్‌లైన్‌లో అడగాలి. సేల్స్‌మన్‌ని అడిగితే "వరల్డ్‌వైడ్ సార్" అనేస్తాడు. అక్కడే నిలబడి, ఫోన్‌లో కంపెనీ వెబ్‌సైట్ తెరిచి ఆ మోడల్ వారంటీ పేజీ చదవండి.

ఎక్కడ కొనాలంటే, నా ఓటు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కే. కూకట్‌పల్లి నుంచి మెట్రో ఎక్కి అమీర్‌పేట్‌లో మారితే పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌లో దిగొచ్చు. పక్కపక్కనే షాపులు కాబట్టి మోడల్‌ని చేత్తో పట్టుకుని చూడటానికి, బరువు అంచనా వేయడానికి, బేరానికి అంతకంటే మంచి చోటు లేదు. ఆన్‌లైన్‌లో ఆగస్టు 15 సేల్ ధర ముందే చూసి పెట్టుకుని వెళ్లండి. "బిల్లు వద్దంటే ఇంకాస్త తగ్గిస్తా" అనే షాపు నుంచి మాత్రం దండం పెట్టి బయటికి రండి. వారంటీ మొదలయ్యే తేదీకి రుజువు ఆ జీఎస్టీ బిల్లే. డబ్బా మీద సీరియల్ నంబరు, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న నంబరు, బిల్లులో రాసింది, మూడూ ఒకటేనా అని అక్కడే సరిచూడండి. ఫ్రీగా ఆఫీస్, ఫొటోషాప్ వేసిస్తామన్నా వద్దనండి. ఆ దొంగ కాపీలతోపాటు ఏమేం వస్తాయో వేసినవాడికే తెలియదు. పైగా చాలా యూనివర్సిటీలు ఆఫీస్‌ని విద్యార్థులకి ఉచితంగానే ఇస్తాయి.

కొనడం ఆగస్టులోనే కానివ్వండి. నెల రోజులు గట్టిగా వాడితే బ్యాటరీ, హింజ్, కీలు, ఏది తేడాగా ఉన్నా ఇక్కడే బయటపడుతుంది. కాన్ఫిగరేషన్ గురించి ఎక్కువ ఆలోచించొద్దు: 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, కిలోన్నర లోపు బరువు, టైప్-సీ చార్జింగ్. సన్నటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోవడం కుదరదు, కాబట్టి 8 జీబీతో సరిపెట్టుకోవద్దు. గేమింగ్ ల్యాప్‌టాప్ మాత్రం వద్దు. అడాప్టరే ఇటుకంత ఉంటుంది, దాన్ని మోసుకుంటూ రోజూ ట్రామ్‌లు మారాలి.

కరెంటు గురించి టెన్షన్ అక్కర్లేదు. జర్మనీలోనూ మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మన మూడు గుండు పిన్నుల ప్లగ్ మాత్రం అక్కడి సాకెట్‌లో దూరదు. అడాప్టర్‌కి తగిలించే తీగ ఊడొచ్చే రకమైతే అదొక్కటి మార్చుకుంటే చాలు, పెద్ద కన్వర్టర్లు కొనకండి. విమానంలో ల్యాప్‌టాప్, పవర్ బ్యాంక్ రెండూ చేతి సంచీలోనే. ప్రయాణం దగ్గరపడే సరికి ఎవరో ఒక పెద్దమ్మ ఫోన్ చేసి "మావాడికి కూడా ఒక ల్యాప్‌టాప్ పట్టుకెళ్లమ్మా, సీల్ కూడా తీయలేదు" అంటుంది. విమానంలో బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు సుంకం లేకుండా తెచ్చుకోగల వస్తువుల విలువ అక్కడ 430 యూరోలే. వాడుకునే సొంత ల్యాప్‌టాప్ వేరు, సీల్ తీయని రెండోది వేరు. మొహమాటపడకుండా కాదని చెప్పేయండి.

ఇప్పుడు వైఫై. ల్యాప్‌టాప్ కంటే మీరు ఎక్కువ సమయం పెట్టాల్సింది దీని మీదేనని నా అభిప్రాయం. మన అపార్ట్‌మెంట్లలో కనెక్షన్ ఎలా ఇస్తారో తెలిసిందే. కుర్రాడు ఫైబర్ తీగ చుట్ట భుజాన వేసుకుని వస్తాడు, రౌటర్ గోడకి బిగిస్తాడు. "పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు అంకుల్?" అని అడిగి, జవాబు వచ్చేలోపే "ఫోన్ నంబరే పెట్టేస్తున్నా, గుర్తుంటుంది" అని పెట్టేసి వెళ్లిపోతాడు. నెట్‌వర్క్ పేరు ఫ్లాట్ నంబరు, లేకపోతే ఇంటాయన పేరు. మా బిల్డింగ్‌లో ఫోన్‌లో వైఫై జాబితా తెరిస్తే ఏ అంతస్తులో ఎవరుంటారో వాచ్‌మన్‌ని అడగక్కర్లేదు. ఇక వాళ్ల ఫోన్ నంబర్లు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనే ఉంటాయి.

గ్రూపులో లేనివాడికి కూడా ఈ పాస్‌వర్డ్ కనుక్కోవడం పెద్ద పనేం కాదు. లెక్క చూడండి. మొబైల్ నంబరు పది అంకెలు, మొదటిది 6, 7, 8, 9లలో ఒకటి. అంటే మొత్తం 400 కోట్ల నంబర్లు. చాలా ఎక్కువే అనిపిస్తుంది. కానీ డబ్ల్యూపీఏ2 అనే భద్రతా పద్ధతి వాడే వైఫైలో ఫోను, రౌటర్ కలిసే క్షణంలో మార్చుకునే సందేశాలను మెట్ల మీద కూర్చున్నవాడు కూడా పట్టుకోగలడు. ఆ తర్వాత వాడికి మీ రౌటర్‌తో పనిలేదు. ఇంటికెళ్లి తీరిగ్గా తన కంప్యూటర్‌లోనే నంబర్లన్నీ వరసగా పరీక్షించుకుంటాడు. మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు సెకనుకి పది లక్షలకి పైగా పాస్‌వర్డ్‌లు చూసేస్తుంది. 400 కోట్లకి గంటంబావు కూడా పట్టదు. పుట్టినతేదీ పెట్టుకుంటే సెకను కూడా అక్కర్లేదు.

కాబట్టి మొదటి పని పాస్‌వర్డ్ మార్చడం. 8 నుంచి 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాయండి: గోంగూర, గడియారం, ముంజలు, తాళంచెవి, ఇలాంటివి. అమ్మకి గుర్తుంటుంది, యంత్రానికి దొరకదు. కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించుకున్నా ఫర్వాలేదు, మెట్ల మీద కూర్చున్నవాడు మీ బీరువా తెరవడు కదా.

రెండోది చాలామంది వదిలేస్తారు. వైఫై పాస్‌వర్డ్ వేరు, రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. బ్రౌజర్‌లో 192.168.1.1 అనో 192.168.0.1 అనో కొడితే ఆ పేజీ వస్తుంది, సరైన నంబరు రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. అక్కడ అడ్మిన్, అడ్మిన్ అనే పాత జంట ఇంకా పనిచేస్తుంటే వెంటనే మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల కెమెరాలు, రౌటర్లను ఇలాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే లొంగదీసుకుంది.

అదే పేజీలో డబ్ల్యూపీఎస్ ఆపేయండి, అంటే వైఫై పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కనెక్ట్ అయ్యే సదుపాయం. దాని పిన్ 8 అంకెలదే అయినా రౌటర్ దాన్ని రెండు సగాలుగా విడివిడిగా సరిచూస్తుంది, చివరి అంకె మిగతావాటిని బట్టి వచ్చేది. అందుకే కోటి ప్రయత్నాలు కావాల్సిన చోట 11,000 సరిపోతాయని 2011లోనే బయటపడింది. సెక్యూరిటీ అన్నచోట డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2 ఏఈఎస్. పాత టీవీ కనెక్ట్ కాకపోతే రెండూ కలిసిన మోడ్ పెట్టండి. బయటి నుంచి రౌటర్‌ని నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపండి, ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే చేయండి. అసలు వైఫై నుంచి విడిగా ఉండే గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి పెట్టి, చుట్టాలకీ టీవీకీ సీసీ కెమెరాకీ అదే ఇవ్వండి. వైఫై పేరు దాచిపెట్టడం వల్ల మాత్రం ఒరిగేదేమీ లేదు, దాన్ని చూపించే ఉచిత యాప్‌లు బోలెడు.

ముసలాళ్ల ఇంట్లో ఎవడేం దోచుకుంటాడని నాన్నగారు అంటారేమో. దోచుకోవడం ఒక్కటే కాదు, కనెక్షన్ ఎవరి పేరున ఉంటే పోలీసులు ముందు వాళ్ల తలుపే కొడతారు. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్లకి ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్‌ని వెతుక్కుంటూ వెళ్తే, అది నవీ ముంబయిలో ఒక అమెరికన్ ఇంటి వైఫై నుంచి వచ్చినట్టు తేలింది. ఎవరో అతని కనెక్షన్ వాడుకున్నారు, విచారణ మాత్రం అతనికి తప్పలేదు. ఈ సంగతి చెప్తే మా నాన్న ఆ సాయంత్రమే పాస్‌వర్డ్ మార్చమన్నారు. "మీ రౌటర్ హ్యాక్ అయింది, ఈ యాప్ వేసుకోండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయమనీ, డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పమనీ కూడా ఇంట్లో చెప్పి ఉంచండి.

జర్మనీలో చెల్లెలికి ఇదే సమస్య ఇంకో రూపంలో వస్తుంది. షేరింగ్ ఫ్లాట్‌లో ఇంటర్నెట్ ఎవరో ఒకరి పేరున తీసుకుని అందరూ పంచుకుంటారు. ఒకరెవరో శుక్రవారం విడుదలైన తెలుగు సినిమాని టోరెంట్‌లో దించుతారు. మనకిక్కడ అలవాటే. అక్కడ మాత్రం హక్కుదారుల తరఫు లాయర్ల నుంచి వందల యూరోలు కట్టమంటూ ఉత్తరం వస్తుంది, అదీ కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వాళ్లకి. మా పై అంతస్తు కుర్రాళ్లకి వచ్చిన ఆ ఉత్తరం నేను చూశాను. సినిమా పేరు, తేదీ, నిమిషాలతో సహా టైమ్, ఐపీ అడ్రస్, అన్నీ అచ్చేసి ఉన్నాయి. టోరెంట్ దించుతూనే ఇతరులకి పంచుతుంది కాబట్టి కేసు పంచినందుకే. కనెక్షన్ తన పేరున తీసుకోవాల్సి వస్తే ఫ్లాట్‌లో అందరితో ముందే మాట్లాడుకోమనండి, వచ్చిపోయే స్నేహితులకి గెస్ట్ నెట్‌వర్కే ఇమ్మనండి. క్యాంపస్‌లో ఎడ్యురోమ్ అనే యూనివర్సిటీల ఉమ్మడి వైఫై ఉంటుంది, దాన్ని యూనివర్సిటీ ఇచ్చే ఇన్‌స్టాలర్‌తోనే పెట్టుకోవాలి. నెట్‌వర్క్ అసలైనదేనని చూపే డిజిటల్ సర్టిఫికెట్‌ని సరిచూడకుండా చేత్తో పెట్టుకుంటే, అదే పేరుతో ఎవరైనా దొంగ నెట్‌వర్క్ పెట్టినప్పుడు లాగిన్ వాళ్ల చేతికి వెళ్లొచ్చు.

ఇక పాత ల్యాప్‌టాప్. నిరభ్యంతరంగా నాన్నగారికి ఇవ్వచ్చు, కానీ అందులో విండోస్ 10 ఉంటే దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. బ్యాంకు పనులు దాని మీద చేయనివ్వకండి. ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరం లేదా ఆపైదైతే సాధారణంగా విండోస్ 11కి ఉచితంగా మారుతుంది. కాకపోతే విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసివ్వండి, యూట్యూబ్, ఈ-పేపర్, వీడియో కాల్స్‌కి హాయిగా సరిపోతుంది. ఇచ్చే ముందు చెల్లెలి ఫొటోలు, సర్టిఫికెట్లు కాపీ చేసుకుని మొత్తం రీసెట్ కొట్టండి. బ్రౌజర్‌లో దాచిన ఆమె పాస్‌వర్డ్‌లు అందులోనే ఉండిపోతాయి లేకపోతే.