ఎర్ర కణాల్లో మెరిసే వలయాలు: తప్పు కెమెరాది కాదు

రక్తపు స్మియర్‌ను (స్లైడు మీద పలుచగా పరిచిన రక్తపు పొర) స్కాన్ చేసిన మీ డిజిటల్ చిత్రాల్లో ఎర్ర రక్తకణాల లోపల కనిపిస్తున్న మెరిసే వలయాలకు కారణం చాలావరకు తేమే. స్కానర్ సెట్టింగులు మార్చకండి.

ముందు ఇది చూడండి: మామూలు మైక్రోస్కోప్‌లో అదే స్లైడు పెట్టి ఫైన్ ఫోకస్‌ను కొద్దిగా పైకీ కిందికీ తిప్పండి. గాజుముక్కలా తళుక్కుమంటే అది నీటి మచ్చ. కణం లోపల నిజంగా ఉండే చేరికలు (ఇన్‌క్లూజన్లు), పరాన్నజీవులు అలా మెరవవు.

1. స్మియర్‌ను పూర్తిగా ఆరనివ్వండి. వానాకాలంలో ఫ్యాన్ కింద ఇంకాసేపు ఉంచాలి.

2. అందరూ మరిచిపోయేది ఇదే: కణాలను స్లైడు మీద స్థిరపరచడానికి వాడే మిథనాల్ మార్చండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఒక్క శాతం నీరు కలిసినా కణాల రూపు చెడవచ్చు. పొద్దున జాడీలో పోసి సాయంత్రం దాకా మూత తీసి ఉంచితే ఎంత మంచి రకమైనా పాడవుతుంది. కణాలకు రంగు వేయడానికి లీష్మన్ రంగు వాడుతుంటే అందులోనూ మిథనాలే ఉంటుంది, ఆ సీసా మూత కూడా బిగించండి. చిన్న సీసాల్లో కొనడం నయం.

3. పాత స్లైడు బాగుపడదు. అదే ఇ.డి.టి.ఎ. ట్యూబు (రక్తం గడ్డకట్టకుండా మందు కలిపినది) నుంచి, రక్తం తీసి కొద్ది గంటలే అయితే, కొత్త స్మియర్ చేసి మళ్లీ స్కాన్ చేయండి.

కొత్త స్కాన్ వచ్చేదాకా ఆ పాత చిత్రాలతో రిపోర్టు మాత్రం ఇవ్వకండి.